పట్నం చేరేలోపు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వీటిని ఆసుపత్రి వాడుకలో డీపీఎల్ అంటారు. పొట్టలో గ్యాస్ నింపి, రెండు చిన్న గాట్లు పెట్టి, లాపరోస్కోపుతో చూస్తూ ట్యూబులకు రింగులు వేసే పద్ధతి అది. చేయి తిరిగిన డాక్టరుకు ఒక్కో ఆపరేషన్‌కు పట్టేది నిమిషాలే. మత్తు దిగాక ఇంటికి పంపేయడం ఆనవాయితీ. అలా ఇంటికి చేరినవాళ్లలో కొందరికి వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలయ్యాయి. ఆగస్టు 30 నాటికి నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందినీ హైదరాబాద్ తీసుకెళ్లి నిమ్స్‌లో, అపోలోలో చేర్పించారు. వాళ్లు కోలుకుని ఇళ్లకు చేరారు. ప్రభుత్వం విచారణ వేసింది, ఇన్ఫెక్షనే కారణమని తేలింది, కొందరిపై చర్యలు తీసుకున్నారు, కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. ఆ మరణాలకు జనం రెండు రకాల కారణాలు చెప్పుకున్నారు. పనిముట్లు శుభ్రంగా లేవన్నది ఒకటి. ఇబ్రహీంపట్నంలో ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రి లేదన్నది రెండోది. మొదటిది నిజమే గాని కథ అంతటితో అయిపోదు. రెండోది సగమే నిజం. ప్రాణాపాయంలో ఉన్న రోగికి చేసే ప్రత్యేక వైద్యం ఎలా పుట్టిందో వెనక్కి వెళ్లి చూస్తే, ఇబ్రహీంపట్నంలో లోపించింది యంత్రాల గది కంటే ముందే ఉండాల్సిన పని అని తెలుస్తుంది. ఆపరేషన్ అయిన మనిషిని గంట గంటకూ కనిపెట్టుకుని ఉండటమే ఆ పని. ఐసీయూ చరిత్ర పొడుగునా యంత్రం ఎప్పుడూ ఆ పని వెనకాలే వచ్చింది.

ఐసీయూ అనగానే మన కళ్లకు కట్టేది అద్దాల తలుపు, బయట విప్పిన చెప్పులు, లోపల మోగే మానిటర్లు, నోట్లో గొట్టంతో పడుకున్న మనిషి, కౌంటర్ దగ్గర పూటపూటకూ పెరిగే బిల్లు. వెంటిలేటర్ ఎక్కించారంటే ఇక ఆశ లేదని కొందరు, ఎక్కిస్తే బతుకుతాడని కొందరు అనుకుంటారు. రెండూ యంత్రాన్ని పట్టుకుని చేసే లెక్కలే. అసలు వెంటిలేటర్ ఏ జబ్బునూ నయం చేయదు. ఊపిరితిత్తులు అలిసిపోయినప్పుడు వాటి చాకిరీని తను చేస్తుంది, అంతే. నారడ్రెనలిన్ డ్రిప్పు రక్తనాళాలను బిగించి, పడిపోయిన బీపీని నిలబెడుతుంది. డయాలసిస్ మూత్రపిండాల బదులు రక్తాన్ని వడపోస్తుంది. జబ్బును తగ్గించేది యాంటీబయాటిక్, ఆపరేషన్, లేదా ఒంటి సొంత శక్తి. అవి పని చేసేదాకా గుండె, ఊపిరి, మూత్రపిండాలు చేతులెత్తేయకుండా పట్టి ఉంచడమే ఐసీయూ వైద్యం. పట్టి ఉంచాలంటే ఏది ఎప్పుడు జారుతోందో తెలియాలి. అందుకే అక్కడి స్టాఫ్ నర్సు మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగును గంటకోసారి వంగి చూస్తుంది. యాభై కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్లకు తగ్గకుండా రావాలి. రెండు గంటలు వరసగా తగ్గిందంటే బీపీ ఇంకా బాగానే కనిపిస్తున్నా లోపల రక్తప్రసరణ దెబ్బతింటోందని అనుమానించాలి. పల్స్, నిమిషానికి ఎన్ని శ్వాసలు, టెంపరేచర్, పిలిస్తే పలుకుతున్నారా అన్నవి కూడా చార్టులోకి ఎక్కుతాయి. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు చొప్పున ఉండాలని క్రిటికల్ కేర్ వైద్యుల సంఘాలు చెప్పేది కూడా ఇందుకే. ఐసీయూ ఖర్చులో పెద్ద భాగం నిజానికి ఈ కాపలాది.

ఈ కాపలా ఆలోచన వెంటిలేటర్ కన్నా వందేళ్లు పెద్దది. క్రిమియా యుద్ధ కాలంలో సైనికుల ఆసుపత్రులను నడిపిన ఫ్లోరెన్స్ నైటింగేల్, 1863లో వచ్చిన తన ఆసుపత్రుల పుస్తకంలో ఒక చిన్న విషయం రాసిపెట్టింది. పల్లె ప్రాంతపు చిన్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదిని ఆనుకుని ఒక చిన్న గదో, మూలో ఉండటం మామూలేననీ, కోత దెబ్బ నుంచి తేరుకునేదాకా రోగిని అక్కడే ఉంచుతారనీ దాని సారాంశం. గమనించాల్సింది ఏమంటే ఆమె ఆ సంగతి లండన్ మహా ఆసుపత్రుల గురించి చెప్పలేదు, చిన్న ఊళ్ల ఆసుపత్రుల గురించి చెప్పింది. ఆపరేషన్ తర్వాతి గంటలే ప్రమాదమని, ఆ గంటల్లో మనిషి కళ్లముందు ఉండాలని అప్పటికే పల్లెటూరి వైద్యులకు తెలుసు. మానిటర్లు లేని కాలమది. సెలైన్ ఎక్కించడం కూడా వాడుకలోకి రాలేదు.

హైదరాబాద్ ఈ చరిత్రలో బయటి ఊరేమీ కాదు. మనవాళ్లు తక్కువగా తలుచుకునే ఒక ఘట్టం ఇక్కడే జరిగింది. 1885 నుంచి ఇక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూల్ పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫారం మీద ఒక పట్టుదల ఉండేది. మత్తు ఇచ్చినప్పుడు రోగి ఎందుకు చచ్చిపోతున్నాడు? గుండె ముందు ఆగుతోందా, ఊపిరి ముందు ఆగుతోందా? నాడి పట్టుకుని కూర్చోవాలా, ఛాతీ వైపు చూస్తూ కూర్చోవాలా? వినడానికి పండితుల జగడంలా ఉన్నా, బల్ల మీద ఉన్న మనిషికి అది చావుబతుకుల ప్రశ్న. 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు ఇచ్చాడు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ ఓడ ఎక్కి వచ్చాడు. వందల కొద్దీ జంతువుల మీద పరీక్షలు చేశారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ లారీ దగ్గర చదువుకున్న మనిషే. చివరికి తేల్చిందేమిటంటే ముందు ఆగేది ఊపిరి, కాబట్టి చూడాల్సింది ఊపిరినే. ఇందులో సగం పొరపాటు ఉంది. క్లోరోఫారం పలుచగా ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911 నాటికి గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. అయినా హైదరాబాద్ కమిషన్‌ను నవ్వి కొట్టిపారేయలేం. మత్తులో ఉన్న మనిషి పక్కన ఒకరు కూర్చుని ఫలానాదాన్ని ఆపకుండా చూస్తూనే ఉండాలన్న సూత్రాన్ని అది ప్రపంచం ముందు పెట్టింది. ఏది చూడాలన్న దగ్గర తప్పు దొర్లింది గాని, చూడాలన్న దగ్గర దొర్లలేదు. ఇవాళ ఆపరేషన్ థియేటర్లో వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్ నాడినీ ఆక్సిజన్‌నూ రెండింటినీ చూస్తోందంటే, పాత జగడంలోని రెండు పక్షాలూ ఒక క్లిప్పులోకి చేరాయన్నమాట.

ఆధునిక ఐసీయూ పుట్టుకను మాత్రం అందరూ కోపెన్‌హేగన్ దగ్గరే మొదలుపెడతారు, అది న్యాయమే. 1952 వేసవిలో ఆ ఊరిని పోలియో ముంచెత్తింది. బ్లెగ్డం ఆసుపత్రిలో ఆరు నెలల్లో 2,700 మందికి పైగా చేరారు. అందులో 300 మందికి పైగా ఊపిరి తీసే కండరాలు, మింగే కండరాలు చచ్చుబడిపోయాయి. ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక్క ఇనుప పెట్టె శ్వాసయంత్రం, ఛాతీకి తొడిగే చిన్నరకం యంత్రాలు మరో ఆరు. మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. పెద్ద డాక్టర్ లాసెన్, చేసేదేమీ తోచక, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుడాక్టరును పిలిపించాడు. అప్పట్లో మత్తుడాక్టరు అంటే థియేటర్ దాటి వార్డులోకి అడుగుపెట్టే మనిషి కాదు. చనిపోయినవాళ్ల రక్తపరీక్షల్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కనిపిస్తోంది. అదేదో రక్తంలో క్షారం పెరిగే వింత జబ్బని అక్కడివాళ్లు అనుకున్నారు. ఇబ్సెన్ చూసి, జబ్బూ గిబ్బూ కాదు, వీళ్లు గాలి ఆడక పోతున్నారన్నాడు. ఆగస్టు 27న వీవీ ఎబర్ట్ అనే 12 ఏళ్ల పిల్లకు గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టించి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి పంపాడు. పిల్ల బతికింది. ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. యంత్రాలు లేవు గనక వైద్య విద్యార్థులను పిలిచారు. సుమారు 1,500 మంది, షిఫ్టులు వేసుకుని, రాత్రింబవళ్లు, వారాల తరబడి మంచాల పక్కన కూర్చుని సంచీలు నొక్కారు. ఒకే సమయంలో 70 మంది దాకా అలా చేతుల మీద ఊపిరి పీల్చిన రోజులున్నాయి. ఊపిరాగిన రోగుల్లో చావులు నూటికి ఎనభై పైచిలుకు నుంచి నలభై దరిదాపులకు పడిపోయాయి. మరుసటి ఏడాది, 1953లో, ఇబ్సెన్ అదే ఊరి మరో ఆసుపత్రిలో ప్రాణాపాయ రోగులందరికీ కలిపి ఒక వార్డు తెరిచాడు. ప్రపంచపు తొలి ఐసీయూ అని దాన్నే అంటారు.

ఈ కథను సాధారణంగా వెంటిలేటర్ విజయగాథగా చెబుతుంటారు. కాని ఆ ఆరు నెలల్లో చావులు తగ్గించిన చోట వెంటిలేటర్ లేనే లేదు. ఉన్నవి మూడు. ఒకటి, జరుగుతున్నదేమిటో సరిగ్గా పోల్చుకున్న ఒక డాక్టరు. రెండు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవగలిగిన ల్యాబు. మూడు, మంచానికొకరు చొప్పున కళ్లు మూయకుండా కూర్చున్న మనిషి. సంచీ నొక్కే విద్యార్థి కేవలం పంపు పని చేయలేదు. పెదవుల రంగు మారితే, చెమట పడితే, గొట్టంలో గళ్ల అడ్డుపడితే ముందు తెలిసేది అతనికే. మంచి వెంటిలేటర్లు ఆ అనుభవం చూసి తర్వాత తయారయ్యాయి. మనిషి చేతిని విశ్రాంతికి పంపడానికి యంత్రం వచ్చింది. మనిషి కన్నును కాదు. మన దగ్గరికి ఐసీయూ చేరేసరికి ఈ క్రమం తిరగబడింది. యంత్రం ముందు దిగుమతి అయింది, దాని పక్కన కూర్చోవాల్సిన మనిషి తర్వాత రావాల్సి వచ్చింది. కొన్ని చోట్ల ఇంకా రాలేదు.

తెలుగు నేల మీద ఐసీయూ విస్తరించిన తీరు వేరే పుస్తకానికి సరిపోయేంత ఉంది. ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే. 1960ల్లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిజాం వారి ఆసుపత్రి 1980ల్లో నిమ్స్‌గా ఎదిగింది. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో వచ్చింది. 1993లో క్రిటికల్ కేర్ వైద్యులు ముంబై కేంద్రంగా అఖిల భారత సంఘం పెట్టుకున్నారు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ. ఈ రెండూ నిస్సందేహంగా ప్రాణాలు నిలబెట్టాయి, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని వాటితో పాటే ఒక అలవాటు కూడా గట్టిపడింది. ప్రాణాపాయ వైద్యమంటే పట్నంలో దొరికేది, చిన్న ఊరి ఆసుపత్రి చేయాల్సింది చీటీ రాసి బండి ఎక్కించడం. ఇబ్రహీంపట్నం లాంటి ఊరికి ఈ అలవాటు ఇంకా తేలిగ్గా అంటుతుంది. గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు పెద్ద చెరువు పక్కన పెరిగిన ఈ ఊరు, నాగార్జునసాగర్ రోడ్డు మీద హైదరాబాదుకు సుమారు ముప్పై కిలోమీటర్లే. ఇంత దగ్గర్లో అన్నీ ఉండగా ఇక్కడ ఏం పెడతామన్న ఆలోచన అధికారులకూ వస్తుంది, జనానికీ వస్తుంది. ముప్పై కిలోమీటర్లు రోడ్డు కొలత మాత్రమే. రోగికి కావలసిన కొలత వేరు. ఒంట్లో తేడా మొదలైన క్షణం నుంచి ఎవరో ఒకరు దాన్ని తేడాగా గుర్తించే క్షణం దాకా ఎంతసేపు పట్టిందన్నదే ఆ కొలత.

ఆ ఆలస్యాన్ని పెంచే ఏర్పాటుకు మన దేశంలో ఒక పేరుంది: క్యాంపు. దీని చరిత్ర కూడా కొంచెం చూడాలి. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో జరిగిన క్యాంపులో ఒక్క నెలలో 60 వేలకు పైగా మగవాళ్లకు వేసెక్టమీ చేశారు. అది దేశమంతటికీ ఆదర్శమైంది. ఎమర్జెన్సీ బలవంతాల తర్వాత మగవాళ్ల ఆపరేషన్ల పేరెత్తడానికి కూడా ప్రభుత్వాలు జంకాయి, భారం ఆడవాళ్ల మీద పడింది. లాపరోస్కోపు రావడంతో ఆడవాళ్ల ఆపరేషన్ కూడా నిమిషాల పని అయి, క్యాంపు పద్ధతికి సరిగ్గా అతికింది. తెలుగు రాష్ట్రాలు జనన రేటు తగ్గించడంలో దేశానికి ముందున్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇక్కడ పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనన్నది దాని వెనక ఉన్న సంగతి. క్యాంపు లెక్క చూసేది బల్ల ఎక్కినవాళ్లనే. బల్ల దిగాక ఏమైందన్నది ఆ లెక్కలో గడి లేని విషయం. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేశారు. అక్కడా, ఆ చుట్టుపక్కల క్యాంపుల్లోనూ కలిపి 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ క్యాంపులను మూడేళ్లలోగా మాన్పించాలని చెప్పింది. మూడేళ్లంటే 2019. ఇబ్రహీంపట్నం 2022. ఆ మధ్య కాలాన్ని కరోనా మీదికి నెట్టడం సులువే, కాని గడువు కరోనా కన్నా ముందే దాటిపోయింది.

ఇక ఆ ఆడవాళ్ల ఒంట్లో ఏం జరిగి ఉంటుందో వైద్యశాస్త్రం చెప్పేంత మేరకు చూద్దాం. గాటు దగ్గర నుంచో, పనిముట్టు మీద నుంచో బ్యాక్టీరియా లోపలికి చేరితే మొదటి గంటల్లో పైకి ఏమీ తెలియదు. తర్వాత ఒంటి రక్షణ వ్యవస్థ అదుపు తప్పి స్పందిస్తుంది. దీన్నే సెప్సిస్ అంటారు. రక్తనాళాలు సడలి, వాటి గోడల్లోంచి నీరు బయటికి జారుతుంది. నాడి వేగం పెరుగుతుంది, శ్వాస వేగం పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు ఉంటే ఇంట్లోవాళ్లు తిండి పడలేదనుకుంటారు, ఓఆర్‌ఎస్ కలిపిస్తారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. చదువుకున్నవాళ్లం కూడా అదే అనుకుంటాం. వయసులో ఉన్న ఆడమనిషి ఒళ్లు చాలాసేపు బీపీని పడిపోనివ్వకుండా నెట్టుకొస్తుంది. అదే అసలు మోసం. పడిపోయిందంటే ఒక్కసారిగా పడుతుంది. కెనడాలోని ఆనంద్ కుమార్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనం 2,731 మంది సెప్టిక్ షాక్ రోగుల కేస్‌షీట్లను పరిశీలించింది. బీపీ పడిపోయిన మొదటి గంటలోనే సరైన యాంటీబయాటిక్ పడినవాళ్లలో దాదాపు 80 శాతం మంది బతికారు. ఆ పైన తొలి ఆరు గంటల్లో ప్రతి గంట ఆలస్యానికీ బతికే అవకాశం సగటున ఏడున్నర శాతం చొప్పున తగ్గింది. ఆ తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఆలస్యపు నష్టం ఇంత నిటారుగా కనిపించలేదన్నది నిజమే. కాని ఆలస్యం చేస్తే ఏమీ కాదని మాత్రం ఎవరూ అనలేదు. ఇక్కడ గంటల లెక్క మొదలయ్యేది ఐసీయూ తలుపు దగ్గర కాదు. మంచం మీదో, ఇంట్లో చాప మీదో మొదటి లక్షణం కనిపించినప్పుడు.

ఈ కాపలా వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. పనిముట్లు సరిగ్గా శుభ్రం చేసి ఉంటే ఇంత కాపలా అవసరమే వచ్చేది కాదు కదా? మూలం వదిలేసి కొమ్మలు పట్టుకుంటున్నామా? మూలం నిస్సందేహంగా అదే. లాపరోస్కోపును ఒక ఆపరేషన్‌కూ మరోదానికీ మధ్య సైడెక్స్ లాంటి ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి, కడగాలి, ఆరబెట్టాలి. ఒక్క పరికరంతో గంటకు మూడు ఆపరేషన్లు కూడా కష్టమని వేళ్ల మీద లెక్కేస్తేనే తెలుస్తుంది. ఒక బృందం మూడు లాపరోస్కోపులతో రోజుకు 30 మించి చేయకూడదని కేంద్రం నిబంధన పెట్టింది ఈ లెక్క చూసే. 34 అంటే ఆ హద్దు దాటిందని వేరే చెప్పక్కర్లేదు. అయితే ఎంత శుభ్రం పాటించినా ఇన్ఫెక్షన్ పూర్తిగా సున్నా అయిన ఆసుపత్రి ప్రపంచంలో లేదు. పేరుమోసిన ఆసుపత్రుల్లో కూడా నూటికో, వెయ్యికో ఒకరికి ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ వస్తుంది. అక్కడ వాళ్లు చావకపోవడానికి కారణం త్వరగా కనిపెట్టడం. పైగా ఒకరికి మించిన రోగుల్లో ఒకే రోజు ఒకే లక్షణం కనిపిస్తే, థియేటర్లోనే ఏదో జరిగిందని అర్థం చేసుకునే తొలి అవకాశం వాళ్లను ఒకేచోట చూస్తున్న మనిషికే ఉంటుంది. తలో ఊరికీ వెళ్లిపోయాక, తలో ఆర్‌ఎంపీ దగ్గరికీ చేరాక, ఒక్కొక్కరిదీ విడివిడి కడుపునొప్పిగానే కనిపిస్తుంది. శుభ్రత ఇన్ఫెక్షన్‌ను ఆపుతుంది. కాపలా ఇన్ఫెక్షన్ చావుగా మారకుండా ఆపుతుంది. ఒకటుంటే రెండోది అక్కర్లేదనడం మాత్రం కుదరదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా సూక్ష్మమైనది. 30 మందిని తీసుకెళ్లి చేర్చారు, 30 మందీ బతికారు అన్నంత మాత్రాన కాపలాయే బతికించిందని చెప్పలేం. వాళ్లలో చాలామందికి జబ్బు తక్కువగా ఉండి ఉండవచ్చు, కొందరికి అసలు లేకపోయి ఉండవచ్చు. ముందుజాగ్రత్తగా చేర్చినవాళ్లూ ఉంటారు. ఒప్పుకోవాల్సిందే. నలుగురినీ ముప్పై మందినీ పక్కపక్కన పెట్టి లెక్క కట్టడం శాస్త్రం కాదు. కాని ఆ 30 మంది విషయంలో ప్రభుత్వం చేసిన పని ఏమిటో గమనించండి. జబ్బు ముదిరేదాకా ఆగలేదు. లక్షణాలు ఉన్నా లేకపోయినా అందర్నీ కళ్లముందుకు తెచ్చుకుంది. నలుగురి చావుల తర్వాత ప్రభుత్వమే ఎంచుకున్న దారి అది. ఆపరేషన్ అయిన రోజు రాత్రి చేయడానికి కష్టమైన పనేమీ కాదది. పెద్ద ఐసీయూ కూడా అక్కర్లేదు, ఒక వార్డు, ఇద్దరు నర్సులు, పిలిస్తే వచ్చే డ్యూటీ డాక్టరు చాలు.

కనిపెట్టుకుని ఉంటే చావులు తగ్గుతాయన్న మాటకే సాక్ష్యం ఉందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అడగాలి. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో కెన్ హిల్‌మన్ బృందం కొత్త పద్ధతి మొదలుపెట్టింది. మామూలు వార్డులో రోగి నాడి, శ్వాస, బీపీ ఫలానా హద్దు దాటితే ఐసీయూ డాక్టర్లే పరుగెత్తుకొస్తారు. దాన్ని 23 ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటిస్తే, చావుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా వాదనకు ఇది ఎదురుదెబ్బే. కాని అదే అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. హద్దు దాటిన రోగుల్లో చాలామంది విషయంలో బృందాన్ని పిలవనే లేదు. డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు, పిలుపే రాలేదు. అంటే లోపం ఐసీయూ వైపు కాదు, మంచం వైపు. కొలిచి రాయడం, రాసింది చూసి కదలడం, కదిలినందుకు ఎవరూ కసరకపోవడం అనే మూడూ కలిస్తేనే ఆ పద్ధతి నడుస్తుంది. మన ఆసుపత్రుల్లో మూడోది మరీ కష్టం. అర్ధరాత్రి పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, ఫలానా పేషెంటు నాడి ఎందుకో నచ్చడం లేదండీ అని ఒక స్టాఫ్ నర్సు చెప్పగలిగిన ఆసుపత్రి ఎంత బాగా నడుస్తోందో ఏ ర్యాంకు చూసి చెప్పనక్కర్లేదు.

ప్రతి చిన్న ఊళ్లోనూ ఐసీయూ పెట్టాలన్నది ఈ వాదన కాదు. నిజానికి అది తప్పు కూడా. నెలకు నలుగురు రోగులు కూడా రాని ఐసీయూలో చేయి తిరిగేది కష్టం. డాక్టరూ నర్సూ నేర్చుకున్నది మర్చిపోతారు, వెంటిలేటర్ గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది. కరోనా తర్వాత చాలా చోట్ల ఇదే చూశాం. పెద్ద జబ్బులను పట్నంలో ఒకచోట చేర్చి చూడటమే మంచిది, అందుకు అంబులెన్సు కావాలి, రోడ్డు కావాలి. 2021 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ ఆరోగ్య మౌలిక వసతుల మిషన్ కింద జిల్లాల్లో 50, 75, 100 పడకల క్రిటికల్ కేర్ బ్లాకులు కట్టే పథకం ఉంది, వాటినీ స్వాగతించాల్సిందే. కాని బ్లాకు దాకా రోగిని చేర్చే నిర్ణయం బ్లాకులో పుట్టదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషిని 48 గంటల్లోగా ఏఎన్ఎం ఇంటికి వెళ్లి చూడాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఏనాడో రాసి ఉంది. ఆ వెళ్లినప్పుడు చేతిలో థర్మామీటరు, బీపీ మిషను, సెకన్ల ముల్లున్న గడియారం ఉండాలి. నాడి నూరు దాటిందా, శ్వాస నిమిషానికి ఇరవై రెండు దాటిందా, పొద్దుటి నుంచి మూత్రం ఎన్నిసార్లు వచ్చింది అని అడిగి రాయాలి. రెండు కొలతలు తేడాగా ఉంటే రేపటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసే అధికారం ఆమెదే కావాలి, చీటీ కోసం మళ్లీ ఆసుపత్రికి తిరగాల్సిన పని ఉండకూడదు. ఇంకో చిక్కుంది. ఆపరేషన్ అయిన సాయంత్రమే ఇంటికి పోతానని ఆ ఆడమనిషే పట్టుబడుతుంది. ఇంటి దగ్గర చంటిపిల్లాడు ఉంటాడు, వంట చేసేవాళ్లు ఉండరు, కూలి పోతుంది. రాత్రి ఉంచాలంటే పిల్లాడికి కూడా మంచం పక్కన చోటు ఇవ్వాలి, తోడొచ్చిన అత్తకో అమ్మకో భోజనం పెట్టాలి, పోయిన కూలిని ప్రోత్సాహకం డబ్బులో కలపాలి.